మా ఇసుక తిప్ప ఖాళీ జాగా కాదు

వానలు మొదలవగానే మా వైపు మొక్కలు నాటే కార్యక్రమాలు కూడా మొదలవుతాయి. వ్యానులో నల్ల కవర్ల మొక్కలు దిగుతాయి. గుల్‌మొహర్, పసుపుపచ్చ పూల టెకోమా, సరుగుడు, అదృష్టం బాగుంటే కానుగ. సముద్రం ఒడ్డున వరసగా గోతులు తీసి పెట్టేస్తారు. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక గోతుల పక్కన ఆ నల్ల కవర్లు, మజ్జిగ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు మిగులుతాయి. సంక్రాంతి నాటికి ఆ మొక్కల్లో బతికున్నవాటిని వెతుక్కోవాలి. కవర్లని వెతకక్కర్లేదు.

మేం చేసే పని దీనికి తిరగబడిన పని. తిప్ప మీద ఎప్పటినుంచో ఉన్న మొక్కల్నే మళ్లీ నిలబెట్టడం, ఊళ్లో చెత్త తిప్ప మీదికి చేరకుండా దానికి ఇంకో దారి చూపించడం. బయటివాళ్లకి ఇవి రెండు పనుల్లా కనిపిస్తాయి. మాకు ఒకటే.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరాన ఒక ఊళ్లో బ్రాంచి పోస్టుమాస్టర్ని. పొద్దున్నే సంచి విప్పి, ఉత్తరాలూ ఆర్డీ కట్టేవాళ్లనీ చూసుకుని, మధ్యాహ్నానికి ఆఫీసు కట్టేస్తాను. ఊళ్లో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ పోస్టమ్మనే. ప్రతి గడపా తెలుసు కాబట్టి, పొడి చెత్త వేరే సంచిలో పెట్టమని ఇంటింటికీ తిరిగి చెప్పే పని కూడా నా మీదే పడింది. మాది రిజిస్టరైన సంఘమేమీ కాదు. డ్వాక్రా ఆడవాళ్లు కొందరు, పలాసలో డిగ్రీ చదివే పిల్లలు, బడి పిల్లలు, వేట లేని రోజుల్లో వచ్చే మగవాళ్లు. మా పేట మగవాళ్లు చాలామంది ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదే ఉంటారు. అందుకే ఆదివారం సాయంత్రం తిప్ప మీదికి వస్తే ఆడవాళ్లూ పిల్లలే ఎక్కువ కనిపిస్తారు.

గాలి తెచ్చిన ఇసుకని మొక్క పట్టి ఆపితే తిప్ప అవుతుంది. ఆపే మొక్క లేకపోతే అదే ఇసుక బావుల్లోకి, వాకిళ్లలోకి, జీడితోటల్లోకి వస్తుంది. ఒడ్డు నుంచి ఊరివైపు నడిస్తే ఈ మొక్కలకి ఒక వరస ఉంటుంది. అన్నిటికంటే ముందు, అల నురగకి కాస్త ఇవతల, చెవులపిల్లి తీగ. కొందరు బాలబంద తీగ అంటారు. మేక గిట్టలా రెండుగా చీలిన ఆకు, ఊదారంగు పువ్వు. దాని పక్కనే రావణాసురుడి మీసాలు, చేతికి గుచ్చుకునే బిరుసు గడ్డి. తిప్ప వీపు మీద మొగలి పొదలు. వాటి వెనక గాలి కాస్త తగ్గిన చోట పొన్న, గంగరావి, కానుగ, వావిలి, తాటి. ఆ తర్వాతే మన జీడి, కొబ్బరి. ముందు వరసలో ఉన్నవి ఉప్పు గాలిని మీద వేసుకుంటేనే వెనక వరసలో చెట్టు ఆకు మాడకుండా ఎదుగుతుంది. ఈ వరస తప్పించి, అల పక్కనే గుల్‌మొహర్ పెడితే అది బతకదు. అది మొక్క తప్పు కాదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస వైపే తీరం దాటింది. ఆ పూట కొబ్బరి చెట్లు ఎలా విరిగాయో, ముప్పై నలభై ఏళ్ల జీడి చెట్లు వేళ్లతో సహా ఎలా తిరగబడ్డాయో ఉద్దానంలో ఎవర్ని అడిగినా చెబుతారు. తర్వాత జరిగింది మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. దారులు తెరిచేటప్పుడు, తోటలు సరిచేసుకునేటప్పుడు మిగిలిన మొగలి పొదల్ని కూడా కొట్టేసి, ఆ చోట సిమెంటు స్తంభాలూ ఇనుప తీగా వేసుకున్నారు. మొగలి పొదలో పాములుంటాయన్న భయం ఒకటి. ఇనుప కంచె ఆవుని ఆపుతుందేమో గానీ ఇసుకని ఆపదు. పేటలో ఒక పెద్దమ్మ ఉంది, చేపల గంప దించి మా పోస్టాఫీసు అరుగు మీద కూర్చుంటుంది. "మొగిలి కొట్టేసిన కాడ్నుంచి రాత్రి పప్పులో కూడా ఇసకే తగుల్తంది పోస్టమ్మా" అని ఆవిడే మొదట అంది. నా దగ్గర ఆ మాటకి జవాబు లేదు గానీ, మా పని మొదలైంది ఆ మాట దగ్గరే.

తీగ నాటడం తేలిక. అయితే చూసుకుని చెయ్యాలి. తల్లి తీగని మొదట్లో కొయ్యం. ముందుకు పాకిన కొస నుంచి మూరెడు ముక్క తీస్తాం, కనీసం మూడు కణుపులు ఉండాలి. కొసన రెండు ఆకులుంచి మిగతావి గిల్లేస్తాం. పైన ఇసుక కాలు పెట్టలేనంత వేడిగా ఉన్నా, జానెడు తవ్వేసరికి చేతికి చల్లగా తగులుతుంది. ఆ తడి తగిలేదాకా తవ్వి, ముక్కని ఏటవాలుగా పడుకోబెట్టి, రెండు కణుపులు లోపలికీ ఒకటి బయటికీ ఉండేలా ఇసుక కప్పి అరచేత్తో అదుముతాం. తడి ఇసుక పైనా పొడి ఇసుక కిందా పడితే వేరు దిగదు, అందుకే తవ్విన తడి ఇసుకని ఒక పక్కకి, పై పొడి ఇసుకని ఇంకో పక్కకి తీసిపెట్టుకోమని పిల్లలకి ముందే చెబుతాం. రెండు మంచి వానలు పడితే చాలు, లోపలున్న ప్రతి కణుపూ వేరు పోసుకుంటుంది. ఆ తర్వాత దాని మీద ఇసుక పడినా అది పైకి లేచి మళ్లీ పాకుతుంది. తిప్ప పెరిగేది అలాగే.

రావణాసురుడి మీసాలకి అంత కష్టం కూడా లేదు. ఎండాకాలం ఒడ్డంతా గాలికి దొర్లుకుంటూ పోయే ముళ్ల బంతులు చూసే ఉంటారు, అవి దాని ఆడ మొక్కల గింజ గుత్తులు. పిల్లలు వాటి వెనక పరిగెత్తి పట్టుకుంటారు. వాటిని తెచ్చి తిప్ప బోసిగా ఉన్నచోట సగం పాతేస్తే కొన్ని మొలుస్తాయి. తాటి టెంకలు కూడా పిల్లల పనే. అవి నాటిన చోటు మాత్రం పిల్లలకి గుర్తుండకుండా చూడాలి, లేకపోతే తేగల కోసం తవ్వేస్తారు. పొన్న కాయని పెంకుతో పెడితే నెలలు పడుతుంది. పైపెంకు జాగ్రత్తగా పగలగొట్టి, లోపలి పప్పు దెబ్బతినకుండా పెడితే చాలా ముందే మొలుస్తుంది. మొక్క పెట్టే గోతి అడుగున కొబ్బరి డొక్కలు బోర్లించి పరుస్తాం, తడి పట్టి ఉంచుతాయి. ఊళ్లో వీధి చివర గుట్టలుగా పడేసే డొక్కలకి అంతకంటే మంచి చోటు లేదు.

మొగలి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. దీంట్లో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. వాసన ఉన్న పొత్తి పూసేది మగది, మా వాళ్లు పోతు మొగలి అంటారు. ఆడదానికి అనాసలాంటి కాయ వస్తుంది. మాకు ఆనుకునే ఉన్న ఒడిశా గంజాం జిల్లాలో ఈ పువ్వుని బట్టీల్లో కాచి అత్తరు, మొగలి నీరు తీస్తారు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పువ్వుల లెక్కన కొంటారు, కిలోల లెక్కన కాదు. అందుకని ఊడలు దిగిన పోతు మొగలి కొమ్మల్నే తెచ్చి నాటుతున్నాం. ఇసుక ఆపుతుందని చెబితే తలూపి ఊరుకునే మనిషి, పువ్వుకి డబ్బులొస్తాయంటే తన తోట గట్టు మీద చోటిస్తాడు. అందులో తప్పేం లేదు. మొక్కకి కాపలా ఉండే మనిషి దొరికాడు, అదే కావాల్సింది. ఒక్క ఆడ మొగలి కూడా లేకుండా మాత్రం నాటం. గింజ లేకపోతే రేపు ఇంకో చోట కొత్త పొద తనంతట తాను మొలవదు.

దేశవాళీ మొక్కలంటే విదేశీ మొక్కలన్నీ నరికెయ్యాలని కొందరు అనుకుంటున్నారు. నేనలా అనను. మా ఇళ్లలో పొయ్యి వెలిగించేదీ పిల్లల్ని చదివించేదీ జీడి. అది బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చిన చెట్టు. పలాస జీడిపప్పు లేకుండా ఉద్దానం లేదు. సరుగుడు కూడా బయటిదే, దాని రాటలు అమ్ముకుని అప్పు తీర్చుకున్న రైతులు మాకు ఉన్నారు. తిప్పకి వెనక, పొలాల్లో ఉంటే దానితో ఎవరికీ పేచీ లేదు. అల దాకా తెచ్చి నాటితేనే బాధ. దాని కింద రాలిన సూదుల్లాంటి ఆకు మందంగా పరుచుకుని ఇంకేదీ మొలవనివ్వదు. తీగ పోతుంది, గడ్డి పోతుంది. సర్కారు తుమ్మ అయితే ఎక్కడున్నా తీసేయాల్సిందే. మేకలు కాయ తిని పేడలో గింజ మోసుకొస్తాయి. పైన కొడితే కిందినుంచి పది కొమ్మలతో లేస్తుంది కాబట్టి మొదలు తవ్వి తీయాలి. ఆ పని మగవాళ్లున్న రోజుకి దాచిపెడతాం.

"ఏటి పోస్టమ్మా, ముళ్ల గడ్డి నాటతన్నారేటి? నాలుగు కొబ్బరి మొక్కలెడితే కాయలైనా వస్తాయి కదా" అని ఒక మావయ్య అన్నాడు. ఆయన్ని ఆయన తోట చివరికే తీసుకెళ్లాను. సముద్రం వైపు వరసలో ఆయన కొబ్బరి చెట్లకి మొదట్లో ఇసుక కొట్టుకుపోయి మోకాలెత్తు వేళ్లు బయటికి వచ్చేశాయి. పదడుగుల అవతల, తీగ ఇంకా మిగిలి ఉన్నచోట చెట్టు మొదలు ఇసుకలోనే ఉంది. ఆయన రెండూ చూశాడు. మర్నాడు తన మేకల్ని తిప్ప వైపు తోలకుండా తోట లోపల కట్టాడు.

ఇక చెత్త. తీగ పాకేది ఒడ్డు మీద, చెత్త చేరేదీ ఒడ్డు మీదే. అల తెచ్చిన వలముక్క మీదుగా తీగ పాకుతుంది, కణుపు దగ్గర వేరు వల కన్నాల్లోంచి దిగుతుంది. ఆర్నెల్లు పోతే వలా తీగా విడదీయలేనట్టు అల్లుకుపోతాయి. తెలియనివాళ్లు ఉత్సాహంగా వచ్చి వల పట్టుకుని లాగుతారు, దాంతో బారెడు తీగ వేళ్లతో సహా ఊడొస్తుంది. మేం కత్తెరలతో కూర్చుంటాం. వేరు దిగిన చోట వల దారాన్ని చుట్టూ కత్తిరించి, చిన్న ముక్కలుగా పైకి తీస్తాం. ఒక చాపంత జాగా శుభ్రం చెయ్యడానికి సాయంత్రం అయిపోతుంది. ఒకసారి అలా తీస్తుంటే లోపల ఎండిపోయిన తాబేలు పిల్లలు దొరికాయి. గుడ్డులోంచి బయటపడి సముద్రం వైపు వెళుతూ ఆ వలలో చిక్కుకున్నాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర్లో మా ఒడ్డుకి వచ్చి రాత్రిపూట గుడ్లు పెడతాయి. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు వస్తాయి. చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే ఉంది. ఆ రోజు వచ్చిన బడి పిల్లలు ఇంటికెళ్లి ఏం చెప్పారో గానీ, మర్నాడు పేటలో ఇద్దరు ముగ్గురు తమ చిరిగిన వలలు తెచ్చి పోస్టాఫీసు ముందు పడేశారు.

అప్పటినుంచి వేట నిషేధం రోజులు మాకు బాగా పనికొస్తున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లు కదలవు, వెరావల్ వెళ్లినవాళ్లలో కూడా కొందరు ఆ సమయానికి ఇంటికొస్తారు. చెట్టు కింద కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. కత్తిరించి పారేసిన ముక్కలన్నీ అక్కడే ఒక గోనెలో వెయ్యమంటాం. నైలాన్ వల ఒక గోనె, ప్లాస్టిక్ తాడు ఇంకో గోనె. రెండూ కలిస్తే కాశీబుగ్గలో పాత సామాన్ల వ్యాపారి ధర సగం కోస్తాడు. వలకి బరువు కోసం కట్టే సీసం గుళ్లు వేరే ఏరి తీసేది పిల్లలు కాదు, పెద్దవాళ్లే. సీసం విషం, అది ఇంటింటికీ చెప్పాలి.

మన ఊళ్లలో పాత వస్తువు మళ్లీ వాడటం కొత్త సంగతి కాదు. ఆటోలో మైకు పెట్టుకుని పాత ప్లాస్టిక్‌కీ ఇనుముకీ ఉల్లిపాయలిచ్చేవాడు ఇప్పటికీ వస్తాడు. రాలిన జుట్టు దాచి స్టీలు గిన్నెలకి మార్చుకునే ఆడవాళ్లున్నారు. ఆ అలవాటుకి ఒక రోజూ, ఒక చోటూ కుదర్చడమే మా పని. పంచాయతీలో చెత్త నుంచి సంపద చేసే షెడ్డు ఉంది, ఎక్కువ రోజులు తాళమే కనిపించేది. తాళంచెవి అడిగి తీసుకున్నాం. మూడు చక్రాల బండి మీద చెత్త తెచ్చే హరిత రాయబారి అక్కే మాకు గురువు. ఏది అమ్ముడుపోతుందో, ఏది పోదో ఆవిడకి చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. తాగునీళ్ల సీసాలు ఒక కుప్ప, మూతలు ఇంకో కుప్ప. పిల్లలకి ఎందుకో అర్థం కావాలని ఒక టబ్బులో నీళ్లు పోసి, సీసాని కత్తిరించిన ముక్కా మూతా అందులో వేసి చూపిస్తాను. సీసా ముక్క మునుగుతుంది, మూత తేలుతుంది. రెండూ వేర్వేరు ప్లాస్టిక్‌లు. కరిగించేచోట కలిస్తే దేనికీ పనికిరావు. సీసా అడుగున మూడు బాణాల ముక్కోణంలో 1 అంకె ఉంటే అది పోయి పాలిస్టర్ దారం అవుతుంది. పాల ప్యాకెట్లు కడిగి ఆరేసి ఇస్తేనే కొంటాడు, పులిసిన వాసనొస్తే తీసుకోడు. మూల కత్తిరించిన చిన్న ముక్కని విడిగా పారేయకుండా ప్యాకెట్టుకే వేలాడేలా కోయమని అందరికీ చెబుతున్నాం. ఆ చిన్న ముక్కల్ని ఇసుకలో ఏరడం ఎంత కష్టమో ఏరినవాళ్లకే తెలుసు.

నీళ్ల సీసాలు ఎందుకు కొంటారని మా ఊరివాళ్లని ఎవరైనా తిడితే నాకు కోపం వస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి చూపించండి. బోరు నీళ్లు తాగాలంటే భయం, ఆ భయాన్ని తప్పుపట్టలేం. ఇలాంటి చోట ప్లాస్టిక్ మానెయ్యమని ఉపన్యాసం ఇవ్వడం కంటే, ఇంటి కుళాయిలో నమ్మకమైన నీళ్లు వచ్చేలా చూడటం చెత్త తగ్గించే పని కూడా అవుతుంది. అదయ్యేదాకా సీసా తీసుకొచ్చి గోనెలో వెయ్యమనే అడుగుతాం.

ఈమధ్య తీరంలో ఒకచోట ఏదో వేడుక ఉందని జేసీబీ పెట్టి తిప్పని చదును చేసేశారు. చూడటానికి బాగుండాలట. తీగలు, మీసాల గడ్డి, మేం పెట్టిన మొగలి కొమ్మలు అన్నీ ఒక కుప్పగా తోసేశారు. అడిగితే, అక్కడేమీ లేదు కదా, పిచ్చి మొక్కలే కదా అన్నారు. ఈ మాట మా జిల్లాకి కొత్త కాదు. సోంపేట బీలని, అంటే అక్కడి చిత్తడి నేలని కూడా కాగితాల మీద పనికిరాని భూమి అనే రాసి థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇవ్వబోయారు. ఏడాది పొడుగునా నీళ్లుండే చోటు, చేపలూ పక్షులూ వరి పొలాలూ ఉన్న చోటు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. బీల ఇవాళ్టికీ ఉందంటే అక్కడి రైతులూ మత్స్యకారులూ అది ఖాళీ భూమి కాదని నిలబడి చెప్పడం వల్లే. మా తిప్పకి అంత పెద్ద ఆపద రాలేదు. అయినా చదును చేసిన చోట మళ్లీ తీగ పెట్టాం, ఈసారి నాలుగు మూలలా కర్రలు పాతి, ఇది తోట అని తెలిసేలా తాడు కట్టాం. పంచాయతీలో కూడా ఒక కాగితం ఇచ్చాం, యంత్రం తెచ్చేముందు ఊరికి చెప్పమని.

మాకు దారి దొరకనివి రెండున్నాయి. ఒకటి షాంపూ, చిప్స్, గుట్కా ప్యాకెట్లు. లోపల వెండి రంగు పొర ఉన్నదేదీ పాత సామాన్లవాడు ముట్టుకోడు, ఎందుకంటే పొరలు విడదీయడం కుదరదు. సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలు తీసుకుంటాయి గానీ అక్కడిదాకా పంపాలంటే లారీ నిండాలి, ఒక్క ఊరి చెత్తతో లారీ నిండదు. చుట్టుపక్కల పంచాయతీలు కలిస్తే నిండుతుంది. ఆ మాట మీద తిరుగుతున్నాం.

రెండోది మందు సీసాలు. తీగ నాటేటప్పుడు చేతులకి తగిలే గాయాలు ఎక్కువ వీటివల్లే. బరువెక్కువ, ధర లేదు, కాశీబుగ్గ దాకా తీసుకెళ్తే ఆటో కిరాయి కూడా రాదు. తమిళనాడు నీలగిరి జిల్లాలో మద్యం సీసా మీద 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగిచ్చేస్తున్నారు. 2022లో మొదలైంది. ఇలాంటిది ఇక్కడా పెడితే ఒడ్డున ఒక్క సీసా మిగలదు, తాగినవాడు వదిలేసినా ఇంకొకడు ఏరుకెళ్తాడు. అక్టోబర్ 2 గ్రామసభలో తీర్మానం కోసం అడగబోతున్నాం. ఈలోగా టెక్కలి, పలాస, సోంపేట వైపు గాజు పెంకులు కొనేవాళ్లు మీకెవరైనా తెలిస్తే, ధర ఎంత తక్కువైనా సరే, నాకు చెప్పండి. షెడ్డు వెనక గోనెలు నిండిపోయాయి, పెట్టడానికి ఇంక చోటు లేదు.